తెరిచి చూసినవా, తమ్మీ

పోయిన వారం ఆఫీసులో నాకు అప్పజెప్పిన పని చాలా చిన్నది. పాత సర్వర్ ఒకటి మూసేస్తున్నారు, అందులో మిగిలిపోయిన టెస్ట్ ఫైళ్లు చెరిపేయాలి. ఇప్పుడు ఫైళ్లు మోసుకెళ్లే పనే తగ్గిపోయింది. ఫైలు ఫలానా చోట ఉందని ఒక లింకు పంపితే చాలు, కావలసినవాళ్లు పోయి చూసుకుంటారు. టీ కప్పు పక్కన పెట్టుకుని ఒక్కో ఫోల్డరూ చెరుపుతూ పోతున్నాను. ఒక ఫోల్డరులో ఒకే ఒక్క ఫోటో ఉంది. దాని పేరు ‘కిచెన్’. అది చూడగానే చెయ్యి ఆగిపోయింది.

ఆ ఫోటో అక్క పంపినది. అక్క అంటే తోడబుట్టింది కాదు. వయసులో మా అమ్మకంటే కొంచెం చిన్న. సికింద్రాబాద్ మనిషి. నేను ఈ దేశం వచ్చి చదువు ముగించి, మనురేవా అనే పేటలో నలుగురితో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటూ, మొదటి ఉద్యోగంలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న రోజుల్లో ఫోన్‌లో పరిచయమైంది. నా పేరు విని తెలుగువాడినని పట్టేసింది. నేను మర్యాదగా ఆంటీ అన్నాను.

“ఆఫీసుల ఆంటీ అంటే ఫోన్ పెట్టేస్త. మేడమ్ అన్నవనుకో, సిస్టర్లు కొట్టిన స్కూల్ యాదికొస్తది. అక్కా అను” అంది.

పోయిన చలికాలంలో అక్క చనిపోయింది. జబ్బు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక చెప్పలేదని వాళ్లాయన అన్నాడు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఊళ్లో అందరి మూటలూ విప్పి చూసిన మనిషి తన సంగతి మాత్రం కట్టేసి పెట్టుకుంది.

మా పని గురించి నాలుగు మాటలు చెప్పకపోతే అక్క అర్థం కాదు. క్రైస్ట్‌చర్చ్ భూకంపం తర్వాత అక్కడి ఇళ్లు చూడటానికి మనుషులు వెళ్లి, పగిలిన గోడలు, కూలిన పొగగొట్టాలు ఫోటోలు తీసేవారు. ఆ ఫోటోలు మా ఊరికి ఆ చివరనున్న హెండర్సన్‌లో అక్క పనిచేసే చిన్న కంపెనీకి వచ్చేవి. అక్కడి నుంచి ఇన్సూరెన్స్ వాళ్ల సిస్టంలోకి చేరాలి. ఆ సిస్టం వాకిట్లో కాపలా నేను. వాళ్ల ప్రోగ్రాములు రాసింది జావాలో, మావి డాట్ నెట్‌లో. వెబ్ సర్వీస్ అనేది ఉంటే రెండూ హాయిగా మాట్లాడుకుంటాయని పుస్తకాల్లో రాసి ఉంటుంది. మాట వరకు నిజమే. మాటతో పాటు ఒక మూట పంపాల్సి వచ్చినప్పుడే పేచీ మొదలవుతుంది. ఆ మూట ఎలా కట్టాలి, ఎవరు కట్టాలి, ఎవరు విప్పాలి అన్న దగ్గర జావాది ఒక ఆచారం, డాట్ నెట్‌ది ఇంకో ఆచారం. వియ్యాలవారి మధ్య లాంఛనాల దగ్గర వచ్చే తగువులాంటిదే.

ఆ తగువు తీర్చడమే మా ఇద్దరి ఉద్యోగం. అక్క అటునుంచి ఒక టెస్ట్ ఫోటో పంపేది. ఎప్పుడూ అదే ఫోటో, ఈ కిచెన్. పంపి ఫోన్ చేసేది.

“పంపిన. వచ్చిందా?”

“వచ్చిందక్కా.”

“తెరిచి చూసినవా?”

“సక్సెస్ అని మెసేజ్ వచ్చింది కదక్కా.”

“సక్సెస్ అని నా మొహం మీద గూడ రాస్తరు. వచ్చిందని నాకు చెప్పకు. తెరిచి చూసినవా, తమ్మీ?”

తెరిచేవాణ్ణి. ఒక పాతకాలపు వంటిల్లు. పొగగొట్టం ఇటుకలు పైకప్పు చీల్చుకుని పొయ్యి మీద పడ్డాయి. బల్లంతా దుమ్ము. గోడకు కొక్కేల వరస, అన్ని కప్పులూ రాలిపోగా ఒక నీలం కప్పు ఇంకా వేలాడుతోంది. పక్క గదిలోకి గిన్నెలు అందించుకోవడానికి గోడలో చిన్న కిటికీ, అది ఒక పక్కకు బాగా ఒరిగిపోయి ఉంది. “కప్పు కనిపిస్తుందా?” అని అడిగేది. “కనిపిస్తుంది.” “ఏం రంగు?” “నీలం.” అప్పుడుగాని ఫోన్ పెట్టేది కాదు. ఇంతమంది ఇళ్ల ఫోటోలుండగా ఆ ఒక్క ఫోటోనే ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అందరికీ ఒక అలవాటు ఉంటుంది, ఈవిడకు ఇదొకటి అనుకున్నాను.

ఫోటోను దారిలో చెడకుండా పంపడానికి ముందు అక్షరాలుగా మారుస్తారు. అదంతా కలిపి ఒక అర్థంలేని అక్షరాల గుంపు. నాకు అన్ని గుంపులూ ఒకేలా కనిపించేవి. అక్క మాత్రం మొదటి నాలుగు అక్షరాలు చూసి, నడక చూసి మనిషిని పోల్చుకున్నట్టు పోల్చేది. “వాలు గీత, తొమ్మిది, చిన్న జె, మల్ల గీత. ఫోటో. తెలిసినోడే, రానియ్యి.” పీడీఎఫ్ అయితే, “జె, వి, బి, ఇ. వీడు జర లావుంటడు, జాగ ఇయ్యి” అనేది.

ఒకసారి మా వైపు చేరిన అక్షరాల గుంపు తెప్పించుకుని చూసింది.

“ఎల్, జెడ్, ఎల్, క్యూ” అంది ఫోన్‌లో. “వీడెవడు? వీన్ని నేనెన్నడు చూడలే.”

మా దగ్గర ఫోటో రావడమైతే వచ్చింది, సక్సెస్ అని కూడా వచ్చింది, తెరిస్తే బూడిదరంగు చదరం. రెండు రోజులు తలలు బద్దలు కొట్టుకున్నాం. మూడో రోజు అక్క హెండర్సన్ నుంచి కారేసుకుని మా ఆఫీసుకు వచ్చేసింది. మొదటిసారి చూడటం అప్పుడే. పొట్టి మనిషి. కుర్తా మీద మోకాళ్ల దాకా వచ్చే జాకెట్, కాళ్లకు రన్నింగ్ షూస్, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, టిఫిన్ బాక్స్ బల్ల మీద పెట్టి, ముందు దాని మూత తీసి చూసింది. పొద్దున తనే కట్టుకున్న పులిహోర అది. ఉందని నిర్ధారించుకుని మూత పెట్టింది.

తర్వాత ఆ ఎల్ జెడ్ ఎల్ క్యూ మూటను ఒక చుట్టు విప్పింది. లోపల వాలు గీత, తొమ్మిది, జె, గీత. “ఈడ దాక్కున్నడు” అంది. మూటను ఎవరో రెండుసార్లు కట్టారు. ఎవరో కాదు, మేమే. మా సిస్టంకు ఫోటో అక్షరాలుగానే కావాలి కాబట్టి, ఆవిడ పెద్దావిడ, ఆ తిప్పలు ఆవిడకెందుకని నేను నా వైపు కట్టాను. కొత్త పిల్లగాడు, వీడికెందుకు తిప్పలని ఆవిడ తన వైపు ముందే కట్టి పంపింది. ఒకరినొకరు అడగలేదు. అడిగితే ఏమనుకుంటారోనని ఇద్దరమూ ఊరుకున్నాం.

మా మేనేజరు కివీ, అంటే ఈ దేశపు మనిషే. తెల్లబోయి, “మీ ఇద్దరూ రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు కదా, ఈ ఒక్క మాట అడగలేదా?” అన్నాడు. మొహమాటం అంటే ఏమిటో అతనికి ఇంగ్లిష్‌లో చెప్పబోయి నేను తడబడ్డాను. అక్క పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, “ఇయ్యాల టెస్ట్ ఫోటో గాబట్టి నవ్వుతున్నం తమ్మీ” అంది. అప్పుడు నాకు అందులో ఏమీ వినిపించలేదు.

ఆఫీసు బయట కూడా అదే వరస. డెయిరీలో, అంటే వీధి చివరి సరుకుల కొట్టులో, గుడ్ల డబ్బా తెరిచి ఒక్కో గుడ్డూ తిప్పి చూసేది. కొట్టు గుజరాతీ అంకుల్ అక్కను చూడగానే తనే డబ్బా మూత తీసి పట్టుకునేవాడు. తర్వాత కొన్నేళ్లకు నేను ఫ్లాట్ బుష్ అనే పేటలో ఇల్లు తీసుకున్నాను. గృహప్రవేశానికి వచ్చి, రంగు కాగితం చుట్టిన పెట్టె నా భార్య చేతిలో పెట్టింది. మనవాళ్ల పద్ధతి తెలిసిందే కదా. తీసుకుంటాం, ఎందుకండీ ఇవన్నీ అంటాం, లోపలి గదిలో పెడతాం, అందరూ వెళ్లాక విప్పుతాం. నా భార్య అదే చేయబోయింది. అక్క కదలలేదు.

“విప్పు బిడ్డా.”

“తర్వాత చూస్తానక్కా, ముందు మీరు భోజనం చేయండి.”

“నువ్వు విప్పినంక తింట.”

వచ్చినవాళ్లంతా చూస్తుండగా విప్పాల్సి వచ్చింది. గోడ గడియారం. అద్దం నిలువునా పగిలి ఉంది. నా భార్య మొహం మాడిపోయింది, చుట్టూ ఉన్నవాళ్లు గోడలు చూశారు. అక్క ఒక్కతే సంబరపడింది. “చూసినవా? నువ్వు దీన్ని లోపల పెడితే నాకెప్పుడు తెలుస్తుండె? నువ్వు నాకు చెప్తువా? చెప్పవు. పగిలిన గడియారం ఇచ్చిందని పదేండ్లు మనసుల పెట్టుకుంటువి.” అది నిజమే. మేము చచ్చినా చెప్పేవాళ్లం కాదు. మర్నాడు కొత్తది తెచ్చి, అదీ మా ముందే విప్పించి వెళ్లింది. ఇప్పటికీ మా హాల్లో నడుస్తోంది.

కిచెన్ ఫోటో సంగతి మాత్రం నాకు హెండర్సన్‌లో తెలిసింది. భూకంపం పని తగ్గుముఖం పట్టింది. అక్క కంపెనీలో ఆ ప్రాజెక్ట్ మూసేసే రోజులవి. ఒక మధ్యాహ్నం లంచ్‌కి రమ్మంది. వెళితే లంచ్ లేదు. మాల్ కార్ పార్కింగ్‌లో తన కారులో కూర్చోబెట్టింది.

“నీ ఫోన్ ఇయ్యి. నాది కంపెనీ ఫోన్” అంది. ఇచ్చాను. ఇచ్చాక చేతిలో పట్టుకుని కూర్చుందేగాని నంబరు నొక్కలేదు. అప్పుడు చెప్పింది.

నేను చేరకముందు సంగతి. మొదట్లో జావా వాళ్లు ఫోటోను ఉత్తరంలో పెట్టకుండా వెనకాల విడిగా పంపేవారు. పెళ్లివారు బస్సులో, సామాను వెనక లారీలో వచ్చినట్టు. ఉత్తరంలో ‘సామాను వెనక వస్తోంది’ అని ఒక ముక్క ఉంటుంది. అవతలి పాత సిస్టంకు వెనక్కి చూసే అలవాటు లేదు. ఆ ఒక్క ముక్కనే ఫోటో అనుకుని దాచుకుంది. పేరు సరిగ్గా ఉంది, లెక్క సరిగ్గా ఉంది, సక్సెస్ అని జవాబు వచ్చింది. పని తొందర మీద, అందరూ వెనక నిలబడి ఉంటే, అక్క సరే అని సంతకం పెట్టింది. తప్పు కొద్దిరోజుల్లోనే ఇంకెవరో పట్టుకున్నారు, సరిదిద్దారు, పోయిన ఫోటోలు మళ్లీ పంపారు. ఒక్క ఇంటివి మాత్రం, ఈ కిచెన్ ఉన్న ఇంటివి, మిగిలిపోయాయి. ఆ ఫైలు అప్పటికే తేల్చి మూసేశారు కాబట్టి మళ్లీ పంపాల్సిన వాటిలోకి రాలేదు. వంటింటికి దెబ్బ తగిలినట్టు రుజువు లేదని, ఇన్సూరెన్స్ వాళ్లు ఇల్లు బాగుచేసుకోవడానికి చాలీచాలనంత ఇచ్చి సరిపెట్టారు. ఒంటరి ముసలావిడ. ఎదురు చెప్పలేదు. ఇల్లు ఉన్నదున్నట్టుగా అమ్మేసింది. కొన్నవాళ్లు కూలగొట్టారు. టెస్ట్ కోసం పాత ఫోటోలు తిరగేస్తుండగా ఇదంతా అక్క కంటపడేసరికి అక్కడ ఖాళీ జాగా మిగిలింది.

“మా మేనేజరుకు చెప్పిన. మూసిన ఫైలు, ముట్టుకోవద్దన్నడు. ఫోన్ గూడ చెయ్యొద్దన్నడు. ఊకున్న. ఊకుంటే నిద్ర పడ్తలేదు తమ్మీ. ప్రాజెక్ట్ మూసేస్తే ఆ ముసలామె నంబరు నాకు మల్ల దొరకది.”

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, “నువ్వు పక్కనే కూసో” అంది. అవతల పెద్దావిడ ఎత్తింది. అక్క తన మంచి ఇంగ్లిష్ అంతా కూడదీసుకుని చెప్పింది. మీ ఫోటోలు మేము పంపాం, అవి తెరుచుకోలేదు, నేను తెరిచి చూడలేదు, నన్ను క్షమించండి, ఈ ఫోన్ చేస్తున్నట్టు మా ఆఫీసుకు తెలియదు. తిడుతుందని నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

“వంటిల్లా?” అంది పెద్దావిడ. “నా వంటింటి ఫోటో నీ దగ్గర ఉందా? గోడలో కిటికీ కనిపిస్తుందా?”

“కనిపిస్తుంది. భూకంపానికి ఒరిగిపోయి ఉంది.”

“భూకంపం కాదమ్మా, మా ఆయన. ఆయనే కోశాడు, వంకరగా కోశాడు. బతికినన్నాళ్లూ దాని మీద పోట్లాడుకున్నాం. నా దగ్గర ఒక్క ఫోటో లేదు. పంపగలవా?”

అక్క కళ్లు తుడుచుకుంది. ఇంటికి పోగానే తన సొంత మెయిల్ నుంచి పంపింది. ఓపెన్ కావడం లేదని పెద్దావిడ రాసింది. చిన్నది చేసి పంపింది, కాలేదు. పీడీఎఫ్ చేసి పంపింది, పాత కంప్యూటరు, దానికి ఏమొచ్చిందో ఏమో, బూడిదరంగు చదరం కనిపిస్తోందని జవాబు. ఊళ్లో అన్ని సిస్టంల మధ్యా ఫైళ్లు దాటించిన మనిషికి ఒక్క ముసలావిడకు ఒక్క ఫోటో చేరవేయడం చేతకాలేదు. ఆఖరికి మాల్‌లో ఫోటో షాపుకు పోయి పెద్దది ప్రింట్ తీయించి, అట్టల మధ్య పెట్టి కొరియర్ చేసింది.

నేను కొరియర్ నంబరు కంప్యూటర్లో కొట్టి చూసి చెప్పాను. “డెలివర్డ్ అని ఉందక్కా.”

“డెలివర్డ్ అంటే వాకిట్ల పడ్డదని. తెరిచి చూసిందో లేదో.”

“ఫోన్ చేసి అడగరాదూ?”

“ఏం మొహం పెట్టుకొని అడుగుత? ఇల్లు పోగొట్టి, ఫోటో అందిందా అని అడగాల్నా? చూస్తే తనే చెప్తది. చూడబుద్ధి కాకపోతే అది గూడ న్యాయమే.”

వారం గడిచింది, నెల గడిచింది. ఏ కబురూ రాలేదు. తర్వాత కలిసినప్పుడల్లా ఏదో ఒక మాటలో అది వచ్చేది. “తెరవలే అనుకుంట, తమ్మీ. కోపం ఉంటది గదా.” పెద్దవాళ్ల మధ్య విషయం, నేనెందుకు దూరడమని నేనూ ఊరుకున్నాను. ఆస్పత్రిలో ఉందని తెలిసి చూడటానికి పోయేసరికి మాట పోయింది. అప్పటికీ నన్ను చూసి ఏదో అడగబోయినట్టు కనుబొమలు ఎత్తింది. ఏమడిగిందో నాకు తెలియదు. తెలుసనే అనుకుంటాను.

పోయిన వారం ఆ ఫోల్డరు ముందు కూర్చుని ఇదంతా తలచుకున్నాక చెరపబుద్ధి కాలేదు. ఆ రోజు నా ఫోన్‌తోనే చేసింది కాబట్టి నంబరు నా దగ్గరే ఉంది. ‘కిచెన్’ అని దాచుకున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని ఫోన్లు మార్చినా ఆ పేరు నాతో వస్తూనే ఉంది. నొక్కాను. ఎత్తకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

ఎత్తింది. గొంతు కొంచెం పలచబడింది, అంతే. నేనెవరో చెప్పాను. ఆ రోజు కారులో పక్కన కూర్చున్నవాణ్ణి, ఫోటో పంపిన ఆవిడ స్నేహితుణ్ణి. ఫోటో అందిందా అని అడిగాను.

“అందకపోవడమేమిటి? పోస్టువాడు ఇంకా గేటు దాటకముందే విప్పాను. ఫ్రేమ్ కట్టించి కెటిల్ పైన గోడకు పెట్టుకున్నాను. రోజూ పొద్దున టీ పెట్టుకుంటూ ఆ వంకర కిటికీని తిడతాను.”

మరి ఆమెకు చెప్పలేదేమని అడిగాను.

“చెప్పాలనే ఉండింది. కార్డు కూడా రాశాను. కానీ ఆఫీసుకు తెలియకుండా చేస్తున్నానంది కదా పాపం. నా కార్డో, ఫోనో, ఇంకో మెయిలో ఎవరి కంటైనా పడితే ఆమె ఉద్యోగానికి ముప్పు అని ఊరుకున్నాను. అంత మంచి మనిషిని ఇబ్బంది పెట్టడమెందుకు?”

మొహమాటం మన సొత్తు అనుకుని ఆ రోజు మేనేజరు ముందు ఎంత నవ్వుకున్నాం. ఇటు అక్క, అటు ఈ పెద్దావిడ, ఒకరి మీద ఒకరు దయతలచి కూర్చున్నారు. మధ్యలో అక్క ఏళ్ల తరబడి కుమిలి కుమిలి పోయింది. ఒక్క ఫోన్‌తో తీరే బాధ అది. ఆ నంబరు నా జేబులోనే ఉంది.

“ఇప్పుడు నువ్వు చేశావు కదా, బాగుంది” అంటోంది పెద్దావిడ. “ఆమెకు నా మాటగా చెప్పు. ఫోటో గోడ మీద ఉందని చెప్పు. నీలం కప్పు కూడా బాగా కనిపిస్తుందని చెప్పు. చెప్తావు కదూ?”

అక్క లేదని చెప్పాలి. నోరు తెరిచాను. అవతల కెటిల్ మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఈ వేళప్పుడు ఆ మాట చెప్పి ఆవిడ టీ చేదు చేయడమెందుకనిపించింది.

“చెప్తానండీ” అన్నాను.